ఆటోనగర్‌లో అన్నం వేళ

కార్మికుల బతుకు మీద నలభై ఏళ్లుగా పుస్తకాలు రాస్తున్న ప్రొఫెసర్ సుందరశివరావు గారు ఆటోనగర్‌కు ఎప్పుడొచ్చినా భోజనాల వేళకే వస్తారు. పనికి అడ్డం పడకూడదని ఆయన నియమం. లారీ బాడీలు కట్టే అంతోని ఆయన్ను చూసి, తీసిన క్యారేజీ మూత మళ్లీ పెట్టేశాడు. పెద్దాయన అడుగుతుంటే నమలడం మర్యాద కాదు.

"ఇది నా ఆఖరి పుస్తకం, అంతోనీ. మీకు ప్రశాంతంగా అన్నం తినే తీరిక ఉంటోందా?"

ఇవాళ కూడా తినకపోతే సాయంత్రం దాకా సుత్తి లేవదు. అంతోని తెగించాడు.

"ఉంటదండీ. తమరు రాని రోజుల్లో."

ప్రొఫెసర్ గారి మొహం పాలిపోయింది. మరుక్షణమే వెలిగిపోయింది.

"ఇంత నిజం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదయ్యా! ఉండు, రాసుకోనీ," అంటూ స్టూలు దగ్గరకు లాక్కున్నారు. "ఈ అన్యాయం ఎప్పట్నుంచి జరుగుతోంది? మొదట్నుంచీ చెప్పు."