గో అండ్ కమ్

శనివారం వచ్చిందంటే అనీషా కాలు ఇంట్లో నిలిచేది కాదు. హారిస్ పార్క్‌లో చదువుకోసం పరాయిదేశానికి వచ్చిన నలుగురు ఆడపిల్లలు కలిసి అద్దెకుండే ఆ ఇంట్లో మిగతావాళ్ళకి అది బట్టలుతుక్కునే రోజు, వారానికి సరిపడా కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టుకునే రోజు. ఈ పిల్ల మాత్రం పొద్దున్నే తలస్నానం చేసి, సంచిలో తినడానికేదో వేసుకుని రైలెక్కేసేది. ఒక వారం బీచి, ఇంకో వారం పెండిల్ హిల్‌లో ఎవరో కొత్తగా పెట్టిన మెస్సులో ఆకుకూర పప్పు, మరో వారం ఊరికే ఫెర్రీ పడవలో ఆ చివరినుంచి ఈ చివరికి. పాలకొల్లు కాలవగట్ల మీద పెరిగిన పిల్ల. నీళ్ళు కనిపిస్తే మరి ఆగలేదు.

చదివేది మ్యూజియాల చదువు. ఇంట్లో మిగతా ముగ్గురూ కంప్యూటర్లు చదువుతుంటే ఈమె పాత సామాన్ల గురించి చదువుతోందని అందరికీ వేళాకోళమే. బయల్దేరే ముందు పాలకొల్లు చర్చిలో ఒక పెద్దాయన, "మ్యూజియంలో ఏం నేర్పుతారమ్మా, బొమ్మలు తుడవడమా?" అని ఎంతో జాలిగా అడిగాడు కూడా. అనీషా నవ్వి ఊరుకుంది. పాత వస్తువు ఎదురుగా నిలబడితే తన ఒళ్ళు జల్లుమంటుందని ఆయనకి ఎలా చెప్పడం?

ఆ సెమిస్టర్లో యూనివర్సిటీలో ఒక పని ఇచ్చారు. ఏదైనా పాత చోటు ఎంచుకోవాలి. ఆ చోటుతో బతుకు ముడిపడిన మనిషిని ఒకరిని వెతికి పట్టుకుని, వాళ్ళ జ్ఞాపకాన్ని వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి తేవాలి. అది లేకపోతే ఆ సబ్జెక్టు పోయినట్టే. క్లాసులో అందరికీ తాతలో మామ్మలో ఉన్నారు, లేకపోతే పక్కింటి ముసలాయనైనా ఉన్నాడు. అనీషాకి ఈ ఊళ్ళో ఎవరున్నారు? చోటు మాత్రం క్షణంలో ఎంచుకుంది. కాకటూ ఐలాండ్.

ఆ దీవిని మొదటిసారి చూసిన రోజే దాని ప్రేమలో పడింది. సర్క్యులర్ కీ రేవులో ఫెర్రీ ఎక్కి, పెద్ద వంతెన కిందుగా వెళితే, నది మధ్యలో రాతిగుట్టలా ఉంటుంది. ఒకప్పుడు ఖైదీల దీవి. సంకెళ్ళతో ఉన్న మనుషులు ఆ కొండరాయిని తొలిచి ధాన్యపు పాతర్లు చేశారు, ఓడలు నిలపడానికి రేవు తవ్వారు. తర్వాత ఓడల కార్ఖానా అయింది. రెండో ప్రపంచయుద్ధంలో సింగపూర్ జపానువాళ్ళ చేతికి పోయాక, ఈ వైపు సముద్రాల్లో దెబ్బతిన్న ఓడలు ఎన్నో మరమ్మతుకి ఇక్కడికే వచ్చాయట. దీవిని అడ్డంగా తొలిచిన సొరంగం ఒకటుంది, మధ్యలో వంకర తిరిగి ఉంటుంది. బాంబులు పడితే పనివాళ్ళు అందులో దాక్కోవాలని ఏర్పాటు. అందులో నడుస్తూ తడి గోడమీద చెయ్యి వేసినప్పుడు అనీషాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుప్పుపట్టిన క్రేన్లు అలాగే ఆకాశంలోకి చూస్తూ ఉన్నాయి. ఇంత కష్టం జరిగిన చోటు ఇంత అందంగా ఎలా ఉందా అని ఆ పిల్లకి ఎప్పుడూ ఆశ్చర్యమే.

అక్కడ ఆ పిల్లకి పడనిది ఏదైనా ఉందంటే సీగల్స్, ఆ తెల్లటి సముద్రపు పక్షులు. తిండి కనిపిస్తే చాలు, మర్యాదా మన్ననా లేదు. ఫెర్రీ ఆగే చోటి పక్కన కాఫీ కొట్టు ముందు కూర్చుని, అనీషా హారిస్ పార్క్ మిఠాయి కొట్లో కొన్న మడత కాజా నోటిదాకా తెచ్చుకుందో లేదో, ఒకటి వచ్చి తన్నుకుపోయింది. పక్క బల్లమీంచి ఎవరో పకపకా నవ్వారు. తిరిగి చూస్తే ఎనభై దగ్గర పడ్డ ముసలమ్మ, నీలం టోపీ, ఒళ్ళో చేతిసంచి.

"వాటికీ తీపి ఇష్టమే," అందావిడ.

అనీషా ఇంకో కాజా తీసి ఆవిడకి ఇచ్చింది. మనింటికొచ్చిన మనిషికి పెట్టకుండా ఉండలేం కదా, దీవి తనది కాకపోయినా. ముసలమ్మ కొరికి, పాకం గడ్డం మీదికి కారుతుంటే తుడుచుకుని, ఇంకోటి అడిగింది. పేరు డోరతీ. నీళ్ళకి అవతలుండే బాల్మెయిన్‌లో పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్న ఈ రేవులోనే పనిచేశాడు, అన్న కూడా. కార్ఖానా ఉన్నన్నాళ్ళూ ఆడపిల్లలకి ఇక్కడికి రావడానికి వీల్లేదు. దీవిని జనం కోసం తెరిచాక, అప్పటికి డెబ్బై దాటిన డోరతీ మొదటిసారి ఇక్కడ కాలుపెట్టింది. అప్పట్నుంచి ప్రతి శనివారం వస్తోంది.

అనీషా ఆవిడ బల్ల దగ్గరికి జరిగింది. తను వెతుకుతున్న మనిషి కాజా తింటూ తన ముందే ఉంది. సంగతంతా చెప్పి, రికార్డు చేసుకోవచ్చా అని అడిగింది.

డోరతీ నీళ్ళవైపు తిరిగింది. "మా అన్న గురించి చెప్పాలి. ఎవరూ అడగలేదు ఇన్నేళ్ళూ," అంది.

సరిగ్గా అప్పుడే ఫెర్రీ కూత పెట్టింది. సాయంత్రం హారిస్ పార్క్‌లో తను పనిచేసే దోసెల హోటల్‌కి వేళ అయిపోతోంది. అనీషా గబగబా సంచి భుజాన వేసుకుని, ఎంతో మర్యాదగా, "ఓకే డోరతీ గారూ, ఐ విల్ గో అండ్ కమ్," అని చెయ్యి ఊపి పరుగెత్తింది. డోరతీ తలూపి, "సరే, ఇక్కడే ఉంటాను," అంది. ఫెర్రీలో కూర్చున్న అనీషా ముఖం వెలిగిపోతోంది. వచ్చే వారం రికార్డు చేసేసుకుంటే ఇంక దిగులు లేదు.

తీరా ఆ వారం వచ్చాక డోరతీ ముఖం తిప్పుకుంది.

అదే బల్ల, అదే నీలం టోపీ. అనీషా ఈసారి ప్రత్యేకంగా పెసర గారెలు వండి తెచ్చింది. డోరతీ డబ్బావైపు చూడను కూడా లేదు. "ఇప్పుడు తీరిక దొరికిందా?" అని, చేతిసంచి తీసుకుని మెల్లగా లేచి వెళ్ళిపోయింది. అనీషా గారెల డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏం తప్పు చేసిందో అర్థం కాలేదు.

కాఫీ కొట్టావిడ దగ్గరికొచ్చి అసలు సంగతి చెప్పింది. పోయిన శనివారం డోరతీ రెండు టీలు తెప్పించి, ఒకటి ఎదురు కుర్చీ ముందు పెట్టించి, ఆఖరి ఫెర్రీ దాకా అక్కడే కూర్చుందట. చలిగాలి వేస్తున్నా లోపలికి రాలేదట. ఆ పిల్ల వస్తానంది, నేను కనిపించకపోతే కంగారు పడుతుంది, అందట.

"నేనెప్పుడు వస్తానన్నానండీ?" అంది అనీషా. ఆ కొట్టావిడకేం తెలుస్తుంది పాపం.

ఆ రాత్రి హోటల్లో పని అయ్యాక, ఇంట్లో తనతోపాటుండే శ్యామసుందరి ఎదురుగా కూర్చుని మసాలా దోసె తుంపుకుంటూ కథంతా విన్నది. కరీంనగర్ పిల్ల. ఏదైనా తిన్నగా అడుగుతుంది.

"పోయేటప్పుడు ఏమన్నవే గామెతోని?"

"ఏమంటానే? అందరితో అన్నట్టే అన్నాను. ఐ విల్ గో అండ్ కమ్ అని."

శ్యామసుందరి దోసె వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేదాకా నవ్వింది. "ఓ పిచ్చిదానా. పోయొస్త అన్నవ్ ఇంగ్లీష్ల. గామెకేం ఎర్క, అది మనం ఊకెనే అంటమని? పోయి మల్ల వస్తవని కూసున్నది బిడ్డ, ఛాయ్ పట్టుకోని."

అనీషా నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గడప దాటుతూ ఆ మాట కొన్ని వేలసార్లు అనుంటుంది. వెళ్తాను అంటే పెద్దవాళ్ళు కసురుకునేవారు, వెళ్ళొస్తాను అనాలి. అన్నంత మాత్రాన ఎప్పుడొస్తావని ఏనాడూ ఎవరూ అడగలేదు. ఆ మాట పట్టుకుని ఒక ముసలి ప్రాణం గాలిలో కూర్చుంది. ఎదురు కుర్చీ ముందు చల్లారిపోయిన టీ కళ్ళముందు కనిపించింది.

"నీ అసైన్‌మెంట్ ఎప్పుడియ్యాలె?" అంది శ్యామసుందరి, నవ్వాపి.

"ఎల్లుండి కాదు, ఆ పై సోమవారం. కానీ అది కాదే బాబూ. నేను అబద్ధాలకోరుని అనుకుంటోంది ఆవిడ."

"గట్లయితే శనారం పొయ్యి చెప్పు. గిట్ల మా భాష అని చెప్పు. అర్థమైతది."

శనివారం సన్నగా జల్లు పడుతోంది. కాఫీ కొట్టు దగ్గర డోరతీ లేదు. అనీషా సొరంగమంతా నడిచింది, మెట్లెక్కి పైన ఖైదీల గదులన్నీ చూసింది. చివరికి పాత రేవు అంచున, క్రేను కిందున్న బెంచీమీద నీలం టోపీ కనిపించింది. వెళ్ళి ఎదురుగా నిలబడింది, కూర్చోలేదు.

"డోరతీ గారూ, నేను చెప్పేది ఒక్క నిమిషం వినండి. మా భాషలో వెళ్తున్నాను అని ఎవరూ అనరు. అంటే ఇంక రారేమోనని భయం. అందుకని వెళ్ళి వస్తాను అంటాం. పక్కింటికి వెళ్ళినా అంతే, సముద్రాలు దాటినా అంతే. నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టి అనేశాను. మిమ్మల్ని చలిలో కూర్చోబెట్టాను. క్షమించండి."

జల్లు డోరతీ టోపీ అంచునుంచి కారుతోంది. అనీషా గొడుగు ఆవిడమీదికి వంచి పట్టుకుంది.

"ఏదీ, ఆ మాట మీ భాషలో చెప్పు," అంది డోరతీ.

"వెళ్ళొస్తాను."

"వెళ్ళిపోయేవాళ్ళు అంటారా అది?"

"అవునండి."

"మా అన్న ఇక్కడ పని నేర్చుకున్నాడు," అంది డోరతీ రేవువైపు చూపిస్తూ. "తర్వాత యుద్ధమప్పుడు నేవీలో చేరాడు. వాడి ఓడ మరమ్మతుకి ఇక్కడికే వచ్చింది. మా నాన్నే దానికి మేకులు కొట్టాడు. నన్ను ముద్దుగా డాట్ అనేవాడు. పని అయిన పొద్దున వాడు గుమ్మంలో నిలబడి, వెళ్తున్నా డాట్, అన్నాడు. మేం అలాగే అంటాం. నాకు ఏడేళ్ళు. నాకేం అనాలో తెలియక చెయ్యి ఊపాను. గట్టుమీద నిలబడి ఓడ ఆ మలుపు తిరిగేదాకా ఊపాను." ఆవిడ అనీషావైపు తిరిగింది. "మీలో ఉండిపోయేవాళ్ళకి కూడా ఏదైనా మాట ఉందా?"

అనీషా చిన్నప్పట్నుంచీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసిన మాట అది. దానికింత బరువుందని ఆ రోజే తెలిసింది. "ఉందండి. వెళ్ళిరా అంటాం. వెళ్ళు, మళ్ళీ రా, అని."

"వెల్... లిరా," అంది డోరతీ. బాగా రాలేదు. మళ్ళీ అంది. అనీషా దిద్దింది. చివర్న ఉన్న 'రా'ని గట్టిగా అనమంది, రమ్మని పిలిచేది అదే కాబట్టి.

డోరతీ బెంచీ పట్టుకుని లేచింది. రేవు అంచుదాకా నడిచి, నది మలుపు తిరిగేచోటు చూస్తూ నిలబడింది. ఏడేళ్ళప్పుడు ఊపినట్టే చెయ్యెత్తింది.

"వెళ్ళిరా," అంది. ఈసారి సరిగ్గా వచ్చింది.

అనీషా ముఖం పక్కకి తిప్పుకుని ఏడ్చింది. తనకి ఏమీ కాని మనిషి కోసం, ఎన్నడూ చూడని కుర్రాడి కోసం అంత ఏడుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పిల్లకే తెలియదు. ఎవరో సంకెళ్ళతో తవ్విన రేవు, ఎవరో తండ్రి మేకులు కొట్టిన ఓడ, ఇన్నేళ్ళూ మాట దొరక్క ఆగిపోయిన ఒక చెల్లెలు. ఇలాంటిది తన ముందు జరిగినందుకు ఆ దీవికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఫెర్రీ కూత పెట్టింది. హోటల్ వేళ. సంచిలో రికార్డరు తీయనే లేదు, సోమవారం దగ్గరికొచ్చేసింది. ఆ తడి కళ్ళతో ఉన్న మనిషిని ఇప్పుడు ఏమని అడుగుతుంది? అలవాటుగా నోరు జారింది. "ఐ విల్ గో అండ్ కమ్ అండి."

డోరతీ కళ్ళు తుడుచుకుని తలెత్తింది. "మీ గో అండ్ కమా, మా గో అండ్ కమా?"

అనీషా గొడుగు ఆవిడ చేతిలో పెట్టి, వానలో పరుగెత్తింది. రేవు పక్కనుంచి, క్రేన్ల కిందుగా, ఫెర్రీ ఆగిన చోటుదాకా వెళ్ళి, దాన్ని దాటి కాఫీ కొట్లోకి దూరింది. హోటల్‌కి ఫోన్ చేసి ఈ సాయంత్రం రాలేనని చెప్పింది. రెండు టీలు తీసుకుంది. ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, ఒలికిపోకుండా, సీగల్స్‌ని తిట్టుకుంటూ తిరిగొచ్చేసరికి ఫెర్రీ వెళ్ళిపోయింది. డోరతీ బెంచీమీద గొడుగు కింద, దారివైపే చూస్తూ కూర్చుంది.

"వెళ్ళొచ్చానండి," అంది అనీషా రొప్పుతూ.

డోరతీ టీ కప్పు రెండు చేతులతో అందుకుంది. వేడిగా ఉందా లేదా అన్నట్టు చెంపకి ఆనించుకుని చూసుకుంది. పక్కకి జరిగి చోటిచ్చింది.

"నీ మెషిన్ ఆన్ చెయ్యి," అంది. "వాడి పేరు ఫ్రాంక్."