కర్పూరము వెనుకగది కేగుట

హేమంతము ప్రవేశించి పక్షము దాటెను. తుషారధూసరములైన దిక్కులు సూర్యుడు పొడసూపినను ముసుగుదన్ని లేవనొల్లకుండ గోదావరిమీదుగా వచ్చు శీతలమారుతము చేమంతిపూల రేకులను వణకించుచు కిటికీసందుల దూఱి గృహస్థుల మోకాళ్లను పరామర్శించుచుండెను. అట్టి ప్రభాతమున రాజమహేంద్రవరమందలి తన పడకగదిలో హైమావతి యను గృహిణి మంచముపై గూర్చుండి రాని యతిథికై యెదురుచూచుచుండెను. ఆ యతిథి దీర్ఘకర్ణుడు, ధవళాంగుడు, చతుష్పాదుడు. పేరు కర్పూరము. జాతికి కుందేలు.

ఎనిమిదేండ్ల క్రిందట అరచేత నిమిడిన యా కూనను దెచ్చి కొత్తిమీర కాడలతో బెంచినది హైమావతియే. అది ప్రతిదినము కాఫీవేళకు ఒక్క గంతున మంచమెక్కి యామె యొడిలో ఆసీనమగుట యా యింటి యాచారము. ఆమె భర్త నృసింహమూర్తి సైత మాసమయమున మంచముపై చోటు కోరి యెఱుగడు. అట్టి కర్పూరము నెలదినములుగా ఆ గది త్రొక్కుట మానెను. మానిన మానెను గాక, మూర్తిగారి యక్క పేరిందేవి వసించు వెనుకగదిలో పగలెల్ల విశ్రమింపసాగెను. ఉపాధ్యాయినిగా నుద్యోగము ముగించి తమ్ముని యింట జేరిన యా విధవరాలు చదువుకొనుచుండ ఆమె పాదములచెంత దెల్లని ముద్దవలె బడియుండు కుందేలును గాంచినప్పుడెల్ల హైమావతి కన్నుల నిప్పులు పోసినట్లగుచుండెను.

దసరాకు నునుపురాళ్లు పఱపించి పూటకొకమాఱు తుడిచి తుడిచి మొగము చూచుకొనదగినట్లు మెఱయించిన తన గదిని విడిచి, పాతగచ్చుపై గోనెసంచులు పఱచిన యా గదికి బుద్ధిగల ప్రాణి యేల పోవును? ఏదో లంచము నడచుచుండవలెను. ఆమె రహస్యముగా కర్పూరము మూతిని మూర్కొనెను. బెల్లపువాసన లేదు. అనుమానము మఱింత బలపడెను.

“వదినగారూ, మా కర్పూరమునకు తమ గదిలో నేమి విందులు జరుగుచున్నవో!”

“విందేమున్నదే మరదలా! ముసలిదాని గదికి ముసలిది వచ్చుచున్నది.”

“అది ముసలి దెట్లగును? నాచేతులలో బెరిగినది.”

“నీచేతులలో బెరిగినవారికి ముసలితనము రారాదని శాసనమేమైన వ్రాయించితివా?”

హైమావతి మఱునాటి యుదయమున కర్పూరము నెత్తుకొనిపోయి తన గదిలోనుంచి తలుపు బిగించెను. నేల నడుమ వెండిపళ్లెమున కొత్తిమీరయు ముల్లంగియాకులును సమర్పించి మంచమెక్కి గూర్చుండెను. కుందేలు మూలనుండి కదలలేదు. “అలిగితివా? అలుగవలసినది నేను గదా,” యని యామె చాలసేపు వాదించెను. ప్రతివాది చెవులు వాల్చి వినెను. ఉదయమునుండి దాని నోట నొక్క యాకైన బడలేదు.

అపరాహ్ణమున ఆకలి కాగలేక అది పళ్లెమువైపు లేచెను. లేచినదే తడవుగా వెనుకకాళ్లు రెండును చెఱియొకవైపునకు జాఱిపోయెను. ఱొమ్ము రాతికి గొట్టుకొనెను. ముంగాళ్లతో నాల్గుమాఱులు నేలను గీరి గీరి పట్టు చిక్కక అది యట్లే చదికిలబడి, తనదైన మంచమువంక గన్నులెత్తి చూచెను. అప్పుడు హైమావతి దిగివచ్చి దాని నెత్తుకొనెను. పొట్టక్రింది బొచ్చు మూత్రమున దడిసి యట్టగట్టియుండెను. గోళ్లు వంకరలు తిరిగియుండెను. ఇది యొక్కనాటి పనిగాదని యెవరును జెప్పనక్కఱలేకపోయెను.

ఆమె తలుపు దీసికొని తిన్నగా వెనుకగది కేగెను. పేరిందేవి పుస్తకము మూసి కుందేలును గోనెపై నిలిపెను. అది యొక్కొక్క యడుగే బిగుసుకొనుచు నడచి ముంతలో నీరు ద్రావెను. తరువాత కొత్తిమీరకాడ నొకదానిని మెల్లగా నమలసాగెను. ఆ వృద్ధురాలు గోరువెచ్చనినీట గుడ్డ ముంచి దాని పొట్ట తుడిచెను.

“ఎన్నినాళ్లనుండి?” యని హైమావతి యడిగెను.

“దీపావళి వెళ్లినది మొదలు. కీళ్లు పట్టినవి. చలికి మఱింత బిగియుచున్నవి. మంచమెక్కలేదు, వీపు నాకికొనలేదు.”

“నాతో జెప్పవలదా?”

“చెప్పిన, ‘నా కుందేలునకు దిష్టి పెట్టితి’రని నీవు మీదికి లేతువనుకొంటిని. నీ నేల జాఱునని చెప్పుటకు మఱియు భయపడితిని.”

హైమావతి తల వంచుకొనెను. రెండును నిజములే గనుక కోపము వచ్చుట కవకాశము లేకపోయెను.

మఱునాడు పశువైద్యుడు గోళ్లు కత్తిరించి, నొప్పికి మందొసగి, వెనుకకాళ్లకు నిత్యము కాపడము పెట్టవలెననియు ఇక గంతుల నాశింపరాదనియు జెప్పిపోయెను. నునుపురాళ్ల నేలపై గోనెలు పఱచి హైమావతి రెండుదినములు వేచెను. కర్పూరము రాలేదు. మూడవనాడు కాఫీగ్లాసుతో దానే వెనుకగది కేగి నేలపై జదికిలబడగా ఆమె మోకాళ్లు ఫెళఫెళమనెను. పేరిందేవి వినియు విననట్లు తలగడ నొకదాని నటు నెట్టెను.

కర్పూరము వదినామరదండ్ర నడుమ బారజాచుకొని పడుకొనెను. తల వదినగారివైపునకును వెనుకకాళ్లు హైమావతివైపునకును వచ్చెను. ఆమె యా పంపకమును క్షణకాలము పరిశీలించెను. వార్ధకమున సర్వాంగములును బిగుసుకొనునుగాని యసూయకు మాత్రము కీళ్లు పట్టవు.

“తల నిమురుట కేమి, ఎవరైన నిమురుదురు. నొప్పియున్నది కాళ్లలోనే కదా,” యని యామె పలికి, వేడిగుడ్డను పిండి, ఆ రెండు సన్నని కాళ్లను దన యొడిలోనికి దీసికొనెను.