కొండెక్కిన దీపం

హారతి అరచేతులకు చెమట పట్టి మౌస్ జారిపోతోంది. రాజమండ్రిలో ఆ కల్యాణమండపం వేదిక మీద, పెళ్ళిపీటలు వేసే చోట వీడియో గేమ్ పోటీకి రెండు కంప్యూటర్లు పెట్టారు. ఆటలో ఈ ఆఖరి గుహ దాటితే రాష్ట్ర జట్టులో చోటు. దాటలేకపోతే ఇంట్లో కంప్యూటర్ అటకెక్కుతుంది, తను బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరుతుంది. భర్త ఉదయభాస్కర్‌తో కుదిరిన ఒప్పందమది. పాపం, అతనేం దబాయించలేదు, ఇన్నాళ్ళూ చూసి చూసి విసిగాడంతే.

జోడీగా ఆడాల్సిన పావనికి టైఫాయిడ్ వచ్చింది. దాంతో పక్క కుర్చీలో అత్తగారు వెంకటదుర్గ కూర్చుంది. నెత్తిన పెట్టిన హెడ్‌ఫోన్ కొప్పు అడ్డొచ్చి ఓ పక్కకి ఒరిగింది. మధ్యాహ్నాలు కోడలి పక్కన చేరి చూడగా చూడగా ఆవిడకీ ఆట వంటబట్టింది. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ, వాళ్ళలో సగం మంది మొదటి గుహలోనే చచ్చారు.

ఈ గుహలో గాల్లో తేలుతూ తిరిగేది జిడ్డు. సముద్రంలో జెల్లీఫిష్ లాంటిది. గొడుగులాంటి ఒళ్ళు, కింద వేలాడే తీగలు, కడుపులో నీలం వెలుగు. నెత్తిన వాలిందంటే ప్రాణం పీల్చేదాకా వదలదు, అందుకే ఇక్కడి పిల్లలు దానికా పేరు పెట్టారు. వెలుగు పోయిందంటే కంటికి ఆనదు, అప్పుడే మీద పడుతుంది. వెలుగుని కనిపెట్టి చెప్పడం అత్తగారి పని, తుపాకీ పేల్చడం కోడలి పని. ఇద్దరికీ రెండేసి ప్రాణాలు, వెంకటదుర్గ అప్పటికే ఒకటి పోగొట్టుకుంది. జిడ్డు చచ్చి ఇద్దరిలో ఒక్కరు మిగిలినా గెలిచినట్టే.

"ఎక్కడుందండీ అత్తయ్యగారూ?"

"నీ ఎడంపక్క... ఆఁ, దీపం కొండెక్కింది."

హారతి గబుక్కున తుపాకీ పైకెత్తింది. ఎదురుగా నిజంగానే నల్లటి కొండ ఉంది. దాని మీదంతా వెతికింది. ఈలోగా జిడ్డు నెత్తిన వాలి ఒక ప్రాణం పీల్చేసి వెళ్ళింది.

"కొండ మీద లేదు కదండీ," అంది హారతి.

"ఏ కొండ? దీపం కొండెక్కిందన్నాను."

అప్పుడు తట్టింది హారతికి. ఇంట్లో సాధన చేసిన గుహల్లో కొండ లేదు, అక్కడ ఆ మాటకి అర్థం ఒక్కటే. కరెంటు పోయినా బల్బు కొండెక్కిందనే మనిషి ఆవిడ. ఆరిపోయిందన్న మాట బుద్ధెరిగాక ఆవిడ నోట రాలేదు.

"ఈసారి ఆరిపోయిందని చెప్పండి. నాకు కంగారుగా ఉంది."

నీలం వెలుగు మళ్ళీ వచ్చింది. హారతి పేల్చింది, గురి తప్పింది. మరుక్షణం వెలుగు మాయమైంది. అత్తగారి పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఒక్క మాట అనడానికేం పోయిందని హారతికి ఒళ్ళు మండింది.

"కదలకు, నీ దగ్గరికే వస్తున్నా," అంది వెంకటదుర్గ.

తెర మీద అత్తగారి బొమ్మ పరుగున వచ్చి కోడలి బొమ్మని పక్కకి తోసి, ఆ చోట తను నిలబడింది. జిడ్డు ఆవిడ నెత్తిన పడింది. పీలుస్తుంటే దాని కడుపు భగ్గున వెలిగింది.

"కొట్టు."

"బుల్లెట్ మీక్కూడా తగులుతుందండి."

"ఆ మాట నా వల్ల కాదమ్మా. ఇది అవుతుంది. కొట్టు."

హారతి కొట్టింది. జిడ్డు చితికిపోయింది. దాని కింద అత్తగారి బొమ్మ కూలింది. మండపమంతా ఈలలు. గెలిచామని తెలుస్తూనే ఉంది, కానీ హారతి చూపు ఆ బొమ్మ మీంచి కదలడం లేదు. ఉత్త బొమ్మే అయినా గుండె కలుక్కుమంది.

వెంకటదుర్గ హెడ్‌ఫోన్ తీసి కొప్పు సర్దుకుంది.

"నలుగురూ చూస్తుండగా అత్తని కాల్చేశావు," అంది. "ఇంటికెళ్ళాక వాడికి నేనే చెప్తాను."

హారతి నవ్వబోయి ఏడ్చేసింది.