ఇంటావిడ బోర్డు

ఆమె ప్లాస్టిక్ షీటును పొడుగు బల్ల మీద పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు అరచేత్తో నిమురుతూ పోతోంది. ఎక్కడైనా గీత పడిందా, ఇసుక అంటుకుందా, మూల చిరిగిందా అని చూసుకోవడం. చూసుకోవడం అంటే కళ్ళతో కాదు, దగ్గరివాటికి కళ్ళు ఎప్పుడో మొరాయించాయి. ఇప్పుడు అంతా వేళ్ళతోనే. షీటు అంచు వెంట బంక టేపు అంటిస్తూ, బొటనవేలితో నొక్కుతూ, నొక్కిన చోటే మళ్ళీ నొక్కుతూ వెళుతుంటే నడుము పట్టేసింది. బల్లకు ఆనుకుని కాసేపు నిలబడింది.

"నీ దుంప తెగ, ఇవాళొక్క రోజు ఓర్చుకో," అని నడుముకే చెప్పుకుంది.

ఇంటి వెనక కారు షెడ్డు అది. కారు ఏనాడూ లేదు. ఆమె మొగుడు, వీధిలో అందరికీ మేస్త్రి, అందులో నీళ్ళ మీద తేలే బోర్డులు చేస్తాడు. అలల మీద జారేవాళ్ళకు సన్నవి, నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయేవాళ్ళకు వెడల్పువి. దళసరి థర్మకోల్ దిమ్మను చెక్కి, నున్నగా తోమి, చుట్టూ గాజునార గుడ్డ కప్పి, దానికి రెజిన్ అనే చిక్కటి జిగురు పట్టిస్తాడు. అక్కడికి ఆయన పని అయి ఆమె పని మొదలవుతుంది. తడి ఆరకముందే బోర్డును ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి మూసి, లోపలి గాలంతా పంపుతో లాగేయాలి. ఆ పంపు కూడా కొన్నది కాదు, పాడైన ఫ్రిజ్జులోంచి పీకిన కంప్రెసరు. గాలి పోయేకొద్దీ సంచి బోర్డును నలువైపులా అదిమి పట్టుకుంటుంది. రెజిన్ గట్టిపడేదాకా ఆ పట్టు సడలకూడదు. సూదిమొనంత సందున్నా గాలి దూరి గుడ్డ పొంగుతుంది, బోర్డు పాడవుతుంది.

ఆ సందును పట్టుకునేది ఆమె చెవి. సంచి పక్కన వంగి, చెవి దగ్గరగా పెట్టి, కొంచెం కొంచెంగా జరుగుతూ పోతుంది. "ఇదిగో, ఇక్కడ బుస్సుమంటోంది," అంటుంది. మేస్త్రికి ఏమీ వినబడదు. అక్కడ టేపు నొక్కగానే మాత్రం పంపు మోత మారుతుంది. ఈ చెవి పుణ్యాన వీధిలో పిల్లలు ఆమెకు 'గాలి పిన్ని' అని పేరు పెట్టారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుంటుంది.

ఇన్నేళ్ళలో ఇన్ని సంచులు మూసింది కదా, ఒక్క బోర్డు మీదైనా కూర్చున్న పాపాన పోలేదు. ఏరు వీధి చివరే ఉంది. సాయంత్రం గుమ్మంలో నిలబడితే, తను నొక్కిన బోర్డుల మీద ఎవరెవరో తెడ్లు వేసుకుంటూ పోవడం కనిపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నోరు తెరిచి అడిగింది. మేస్త్రి సరేనని ఆమె కోసం ఒకటి మొదలుపెట్టాడు. ఎవరో డాక్టరు వచ్చి ముచ్చటపడితే ఇచ్చేశాడు. తర్వాత చాలా ఏళ్ళకు ఇంకొకటి మొదలుపెట్టాడు. కాలేజీ పిల్ల ఒకతె పోటీలున్నాయని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అదీ ఇచ్చేశాడు. "నీకేం తొందర, ఏరు ఎక్కడికీ పోదుగా, వచ్చే వేసవికి చేస్తా," అన్నాడు. మొహమాటానికి పుట్టిన మనిషి. కాదు, కుదరదు, లేదు, ఈ మాటలన్నీ పెళ్ళాం కోసమే దాచిపెట్టుకున్నాడని ఆమె ఎత్తిపొడుపు.

ఇప్పుడు బల్ల పక్కన, వంపు తిరిగిన చెక్క స్టాండు మీద ఉన్న బోర్డు మూడోది. ఇద్దరు కూర్చునేంత వెడల్పు. ఈ మధ్య మేస్త్రికి నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. గుండె బలహీనంగా ఉంది, పని మానేయమని ఆసుపత్రిలో చెప్పారు. "ఇదొక్కటీ చేసి షెడ్డుకు తాళం వేస్తా. ఇది నీది, ఒట్టు," అన్నాడు. ఆమె నమ్మలేదు. నమ్మకపోయినా తెల్లారగానే లేచి షీటు పరిచింది. నమ్మకం లేని పనికి ఇంత నడుం నొప్పి ఎందుకో ఆమెకే తెలియాలి.

మేస్త్రి రెజిన్ కలిపి గుడ్డ మీద పోసి రబ్బరు పలకతో లాగుతున్నాడు. తెల్లటి గుడ్డ తడిసిన చోటల్లా అద్దంలా తేటపడి కిందున్న థర్మకోల్ కనబడుతోంది. లాగి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగుతున్నాడు. ఆ ఆగడం రోజురోజుకీ ఎక్కువవుతోందని ఆమె గమనిస్తూనే ఉంది.

"కాసేపు కూర్చోండి."

"నేను కూర్చుంటే రెజిన్ కూర్చుంటుందా? గట్టిపడి చస్తుంది."

"అది చస్తే ఇంకో డబ్బా కలుపుకోవచ్చు."

"అబ్బా, మొదలెట్టావా?" అన్నాడు మేస్త్రి. నవ్వబోతే దగ్గొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఈత మాస్టారు తలుపు నెట్టుకుని వచ్చాడు. ఏటి ఒడ్డున పిల్లలకు ఈత నేర్పుతాడు, వచ్చిన చుట్టాలనందరినీ నీళ్ళ మీద తిప్పుతాడు. మంచివాడే, కాకపోతే కంటబడినదల్లా కావాలంటాడు. బోర్డు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "మేస్త్రీ! ఏం వెడల్పయ్యా ఇది! వచ్చేవారం మా అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. నాకోసమే చేసినట్టుంది. ఎప్పటికిస్తావ్?" అన్నాడు.

ఆమె చేతిలో టేపు చుట్ట ఆగిపోయింది. ఇంకేముంది, అయిపోయింది అనుకుంది. అల్లుడట. డాక్టరు అయ్యాడు, కాలేజీ పిల్ల అయింది, ఇప్పుడు మాస్టారి అల్లుడు. మొగుడి వైపు చూడాలనిపించలేదు. షీటు మీద లేని ముడతను సవరిస్తూ తలవంచుకుంది. 

మేస్త్రి రబ్బరు పలకను గుడ్డకేసి తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు. మాట కోసం వెతుక్కుంటున్నాడని ఆమెకు తెలుసు.

"అమ్మేది కాదు మాస్టారూ."

"అదేంటయ్యా?"

"ఇంటావిడది," అన్నాడు మేస్త్రి. చెవులు ఎర్రబడ్డాయి. ఏదో దొంగతనం ఒప్పుకున్నవాడిలా గబగబా మళ్ళీ రెజిన్ లాగడం మొదలుపెట్టాడు.

మాస్టారు ఆయన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "గాలి పిన్ని తెడ్డు వేస్తుందా!" అని పెద్దగా నవ్వి, "సరే సరే, మళ్ళీ కనబడతా," అంటూ వెళ్ళిపోయాడు.

ఆమె టేపు చుట్ట కొస వెతుక్కుంది. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. ఇంత వయసొచ్చి, రెజిన్ కంపు కొట్టే షెడ్డులో నిలబడి, ఒక్క మాటకు కడుపు నిండిపోవడమేమిటని తనమీద తనకే కోపం వచ్చింది. "మొహమ్మీద కొట్టినట్టు అనాలా? మెల్లిగా చెప్పొచ్చుగా," అని గొణిగింది.

"చెప్పకపోతే ఒక గొడవ, చెబితే ఒక గొడవ," అన్నాడు మేస్త్రి. "పట్టు, గుడ్డ పట్టు. టైమైపోతోంది."

ఇద్దరూ చెరో చివర పట్టుకుని, తర్వాత ఊడదీసేయడానికి వీలయ్యే పలుచటి గుడ్డను తడి రెజిన్ మీద పరిచారు. దానిమీద పాత దుప్పటి. ఎక్కువైన రెజిన్‌ను అదే పీల్చుకుంటుంది. మేస్త్రి దాదాపు బోర్డు మీద పడుకున్నట్టు వంగి దుప్పటి అంచులు కిందికి తోశాడు. ఇద్దరూ కలిసి బోర్డును ఎత్తి షీటు మీద పెట్టారు. ఎత్తి దించేసరికి ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది.

సంచి మూసేముందు ఆమె ఎప్పుడూ అడిగే మాట ఒకటుంది.

"పెన్సిల్?"

కొలతలు గీసే పెన్సిల్ ఆయన కుడిచెవి మీద ఉంటుంది. అన్నం తినేటప్పుడూ అక్కడే. ఒకసారి అది జారి సంచిలో పడింది. ఇద్దరూ చూసుకోలేదు. గాలి లాగేసరికి పెన్సిల్ మెత్తటి థర్మకోల్‌లోకి దిగబడి, గట్టిపడ్డాక బోర్డు నడుమ లోతైన గాడి మిగిలింది. పూడ్చి రంగేసినా బేరం చేసినవాడు తీసుకోలేదు. అలాంటి మచ్చ ఉన్న బోర్డును ఎవరూ తీసుకోరు. అప్పటినుంచీ సంచి మూసేముందు ఆమె అడగాలి, ఆయన చూపించాలి. ఇది వాళ్ళ కాపురంలో రోజూ నడిచే మంత్రం.

"ఉంది," అన్నాడు మేస్త్రి, చెయ్యి చెవి దగ్గరికి పోనిచ్చి. మామూలుగా అయితే తలెత్తి చూసేది. ఇవాళ ఆమె బుర్రలో 'ఇంటావిడది' అన్న మాటే తిరుగుతోంది. షీటు మడిచి టేపు నొక్కేసింది.

పంపు మొదలైంది. సంచి ఉస్సూరంటూ చతికిలబడి, ముడతలు పడి, బోర్డును కరుచుకుంది. ఆమె వంగి చెవి పెట్టి చుట్టూ తిరిగింది. బోర్డు వెనక కొస దగ్గర ఒకచోట సన్నగా ఈల. నొక్కింది. ఆగిపోయింది. పంపు మోత హాయిగా బరువెక్కింది. చేత్తో ఒకసారి పైనంతా నిమిరింది. మధ్యలో ఏదో గట్టిగా తగిలింది. దుప్పటి కుట్టేమో అనుకుంది.

మేస్త్రి గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాలి, కాళ్ళు బారజాపుకున్నాడు.

"నాకు ఈత రాదండీ," అంది ఆమె హఠాత్తుగా.

"నాకూ రాదు."

"మరెలా?"

"బోర్డుకొచ్చులే. నువ్వు ముందు కూర్చో, నేను వెనక తెడ్డు వేస్తా."

"మీరు తెడ్డు వేస్తే ఒడ్డునే తిరుగుతాం."

"ఒడ్డునే తిరుగుదాం. ఎక్కడికెళ్ళాలి మనకి?" అన్నాడు మేస్త్రి. కళ్ళు మూతలు పడుతున్నాయి. "కాస్త టీ పెట్టు."

ఆమె లోపలికెళ్ళి టీ పెట్టింది. పాలు పొంగేలోపు ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించింది. చీరతో బోర్డు ఎక్కడం ఎలాగో ఎవరినైనా అడగాలి, ఈత మాస్టారిని తప్ప. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఆయన తల ఒక పక్కకు వాల్చి ఉన్నాడు. లేపబుద్ధి కాలేదు. గ్లాసు పంపు పక్కన పెట్టి, డబ్బాలు మూసి, రబ్బరు పలక గీకి, నేల మీద పడిన థర్మకోల్ పొట్టు ఊడ్చింది. ఊడుస్తూ ఏదేదో మాట్లాడింది. ఆడపడుచు మోకాళ్ళ గురించి, పైకప్పు కారడం గురించి. టీ మీద మీగడ కట్టింది.

"ఏవండీ, చల్లారిపోతోంది."

చెయ్యి పట్టుకుంది. అది ఒళ్ళోకి జారిపోయింది. వంగి ఆయన ముక్కు దగ్గర చెవి పెట్టింది. పంపు మోత. ఇంకేమీ వినబడలేదు. వెళ్ళి స్విచ్చి ఆపింది. షెడ్డంతా నిశ్శబ్దమైంది. మళ్ళీ వచ్చి చెవి పెట్టింది. సూదిమొనంత సందులోంచి పోయే గాలిని పట్టుకునే చెవి అది. ఊపిరి బిగపట్టి విన్నది. సంచిలోంచి గాలి చప్పుడు లేదు. ఆయన దగ్గర్నుంచీ లేదు.

ఎంతసేపు అలా వంగి ఉందో తెలియదు. తర్వాత లేచి, మెల్లిగా నడిచి, పంపు మళ్ళీ వేసింది.

పక్క కొట్లో స్కూటర్లు బాగుచేసే మెకానిక్‌ను ఆమే కేకేసింది. ఫ్రిజ్జు కంప్రెసరు తెచ్చి పంపుగా మార్చిపెట్టింది అతనే. నూనె చేతులతో పరిగెత్తుకొచ్చి, "బాబాయ్! బాబాయ్!" అని కుదిపి చూసి, కళ్ళు తుడుచుకున్నాడు. డాక్టరు వచ్చాడు, వెళ్ళాడు. ఆడపడుచు గుండెలు బాదుకుంటూ వచ్చింది. షెడ్డు జనంతో నిండింది. ఏడుపుల మధ్య పంపు తన మానాన తను మోగుతూనే ఉంది.

"ఆ మోత ఆపండర్రా, శవం ముందు ఏంటది?" అంది ఆడపడుచు. మెకానిక్ స్విచ్చి వైపు చెయ్యి చాచాడు.

"ఆపకు నాయనా," అంది ఆమె. "ఇంకా గట్టిపడలేదు."

"వదినా, నీకు మతి పోయిందా?"

"మీ అన్నయ్య నాకోసం చేశాడు," అంది ఆమె. అంతకుమించి చెప్పడానికి ఓపిక లేదు. మెకానిక్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన్ను షెడ్డులోంచి ఇంట్లోకి మోసుకెళ్ళాక కూడా గోడలోంచి ఆ మోత వినబడుతూనే ఉంది. చీకటి పడే వేళకు ఆమే వెళ్ళి, రెజిన్ డబ్బాలో అడుగున మిగిలినదాన్ని గోటితో గీరి, గట్టిపడిందని చూసుకుని పంపు ఆపింది. సంచి మాత్రం విప్పలేదు.

ఆయన్ను సాగనంపి, వచ్చినవాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళాక, మెకానిక్‌ను తోడు పిలిచి సంచి కోసింది. దుప్పటి కరకరమంటూ ఊడింది. దానితోపాటు ఏదో కింద పడి దొర్లింది. మెకానిక్ వంగి తీశాడు. రెజిన్ అంటుకుని మెరుస్తున్న పొట్టి పెన్సిల్. పలుచటి గుడ్డ కూడా ఊడదీస్తే, బోర్డు నడుమ, సరిగ్గా ముందు కూర్చునేవాళ్ళ కాళ్ళ దగ్గర, దాని గాడి.

"అయ్యో పిన్నీ," అన్నాడు మెకానిక్. "పూడ్చి రంగేద్దాంలే. తెలీకుండా చేస్తా."

ఆమె గాడిలో వేలు పెట్టి చూసింది. "ఉందన్నాడు," అంది. "చెవి తడుముకుని మరీ ఉందన్నాడయ్యా!" అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. స్టూలు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మెకానిక్ ఏం చెయ్యాలో తోచక గట్టిపడిన దుప్పటిని గోడకు ఆనించాడు.

చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పూడ్చకు," అంది. "ఉండనీ. దీన్ని ఇక ఎవరూ అడగరు."

మెకానిక్ తలూపాడు. "ఏట్లో ఎప్పుడు దింపుదాం పిన్నీ?"

"నడుం నొప్పి తగ్గనీ. తెడ్డు నువ్వే వెయ్యాలి. దూరం పోవద్దు, ఒడ్డునే తిప్పు."

అతను వెళ్ళాక బోర్డు మీద పడిన పొట్టు చేత్తో తుడిచింది. పెన్సిల్ తీసుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, గాడిలో పెట్టింది. లైటార్పి తలుపు చేరవేసేముందు మరోసారి వెనక్కి తిరిగి చూసింది. పెన్సిల్ అక్కడే ఉంది, ఎటూ దొర్లకుండా, మొన ముందువైపుకు.