ముందు సీటు మర్యాద

కారులో ముందు సీటు నాదైనప్పుడు, విమానంలో ముందు సీటు ఆయనది ఎట్లా అయింది? ఈ ప్రశ్న నా భర్తను అడిగాను, మరిదిని అడిగాను, కొడుకును అడిగాను. ముగ్గురూ నవ్వారు. నవ్వు జవాబు కాదు కనుక ప్రశ్న అట్లాగే మిగిలింది.

మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ల వీధిలో మాకు నగల దుకాణం. నా భర్త బదరీనారాయణ ఏనాడూ కత్తి పట్టలేదు, బాంబు తాకలేదు; పట్టేవాళ్ల పార్టీకి ఎన్నికల ఖర్చు భరించాడు. జమ్మలమడుగులోని అవతలి వర్గానికి ఆ తేడా కనిపించలేదు. తొంభైల చివరి ఎన్నికలు ముగిసేసరికి మా వాకిట్లో కాపలాకు తుపాకీ మనిషి ఒకడు వచ్చి చేరాడు. మా ఇంటి మగవాళ్లు ఒంటరిగా ఊరు దాటడం మానేశారు. ఆ రోజుల్లో మా సీమలో ఒక కట్టుబాటు ఉండేది: ఆడమనిషి కూర్చున్న బండి మీద బాంబు వెయ్యరు. పగకు కూడా నీతి ఉందని దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. ఆ నీతి మా ఇంట్లో ఏ పనికి వచ్చిందో చెబుతాను. బండి బయలుదేరే ముందు నన్ను డ్రైవరు ఖాదర్ పక్కన కూర్చోబెట్టేవారు, కొంగు బయటికి కనిపించేట్టు. పూలు దండిగా పెట్టుకోమనేవారు. ఎండ మొహాన కొడుతోందని ఒకసారి నల్ల అద్దం పైకెత్తబోయాను.

"దించు, దించు! అద్దమెక్కిస్తే నువ్వుండావని యాడ తెలుస్తాది?" అన్నాడు నా భర్త వెనక సీట్లోంచి.

మా అత్తగారు దానికి మరో పేరు పెట్టింది. "మొగుని కంటే ముందర కూచునే మర్యాద ఎంతమందికి దొరుకుతాదే? మేమంతా ఎద్దులబండ్లో ఎనక మూట మాదిరి పోయినోళ్లమే."

పార్టీ పనులు ఢిల్లీలో. ప్రొద్దుటూరు నుంచి ముద్దనూరు, పులివెందుల, కదిరి మీదుగా బెంగళూరుకు కారు; అక్కడినుంచి విమానం. ఢిల్లీలో నాకు ఏ పనీ లేదు. కానీ తిరుగుదారిలో నేను కావాలి; బెంగళూరులో ఆడమనిషిని ఒక్కదాన్నే వదిలితే పరువు తక్కువ. అందుకని నేనూ ఎగిరేదాన్ని. ఆయన, మరిది, కొడుకు మురళీమోహన్ వంతులవారీగా వెళ్లేవారు, ఒక్కోసారి ఇద్దరు కలిసి. నాకు వంతు లేదు. ముగ్గురి ప్రయాణాలూ నా ప్రయాణాలే. అందరికంటే ముందుగా లేచి, దారిలో వాళ్లు తినే చిత్రాన్నం కలిపి, ఆయన మాత్రలు సర్దుకొని బండెక్కేదాన్ని. ఎక్కువసార్లు ఎగిరినవాళ్లను గౌరవించడానికి ఆ విమాన సంస్థ కార్డులు ఇచ్చేది. ఇంట్లో మగవాళ్లకు వెండి కార్డులు వచ్చాయి. నాకు బంగారు కార్డు వచ్చింది. దాంతోపాటు వచ్చిన పసుపుపచ్చ బిళ్లను, అది ఉన్న సామాను ముందుగా బయటికి వస్తుందని తెలిసి, ఆయన తన సూట్‌కేసుకు కట్టుకున్నాడు.

ఒక ఉదయం బెంగళూరు విమానాశ్రయంలో, కౌంటరులోని అమ్మాయి నా కార్డు చూసి నవ్వింది. ఇవాళ ముందు తరగతిలో ఒక సీటు ఖాళీగా ఉందని, దాన్ని నాకు ఇస్తున్నామని ఇంగ్లీషులో చెప్పింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఎం.ఏ. చదివిన నన్ను అటువంటి చోట్ల పక్కన నిలబెట్టుకునేవాడు. కనుక నాకు సీటు దొరికిన సంగతి ఆయనకు తెలుగులో చెప్పవలసిన పని కూడా నాదే అయింది.

"నీకా? నాకు గదా ఇయ్యాల్సింది!"

"కార్డు నా పేరు మీద ఉంది."

"మొగుడు ఈడ్నే నిలబడుండాడని చెప్పు ఆ పాపకు."

చెప్పాను. సారుది వెండి కార్డనీ, ముందు తరగతికి ఆయన పేరు నిరీక్షణ జాబితాలో ఉందనీ ఆ అమ్మాయి మర్యాదగా అన్నది. దాన్ని కూడా తర్జుమా చేశాను. ఊరందరికీ బంగారం అమ్మే మనిషి, వెండి అనే మాట విని చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

విమానం ఎక్కాక నా చేతిలోని సీటు చీటీ తీసుకొని వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు. ఎయిర్ హోస్టెస్ వచ్చి, ఈ సీటు మేడమ్‌ది కదా అని నా వైపు చూసింది.

"మా ఆడామెకు ముందర కూచోవాలంటే భయం. అట్లని చెప్పు," అన్నాడు నాతో.

ఆ అబద్ధాన్ని ఇంగ్లీషులోకి మార్చింది కూడా నేనే. మార్చి, వెనక్కి వెళ్లి, ఇద్దరు అపరిచితుల మధ్య నడిమి సీట్లో కూర్చున్నాను. రెండు తరగతుల మధ్య తెర లాగారు. కాసేపటికి ఆ తెర తొలగించుకొని హోస్టెస్ నా దగ్గరికి వచ్చింది: సారు భోజనానికి ముందు వేసుకునే షుగరు మాత్ర మీ దగ్గర ఉందట, ఇస్తారా?

ఆ తర్వాత అదే వాడుక అయింది. సీటు నాకు ఇస్తారు, ఆయన కూర్చుంటాడు. అయినా ఆయనకు తృప్తి లేదు. ఆ గౌరవం తన పేరుతో పిలిచి ఇవ్వాలి. కార్డును తన పేరుకు మార్పించమని నా చేత విమాన సంస్థకు ఫోను చేయించి పక్కనే నిలబడ్డాడు. పాయింట్లతో ఇంట్లో ఎవరికైనా టికెట్టు తీసుకోవచ్చు గానీ ఆ హోదా మరొకరికి మారదని వాళ్లన్నారు.

"పెండ్లాందైనా?" అడగమన్నాడు.

అడిగాను. భార్యదైనా మారదు. నా పుట్టింటి నగలు ఆయన దుకాణంలో కరిగాయి. నా తండ్రి మైదుకూరు దగ్గర నా పేర రాసిన మడి ఆయన పేర చేరింది. ఆయన పేరుకు మారనిది నా దగ్గర ఇదొక్కటే మిగిలింది.

ఆ వేసవిలో ఒక తిరుగు ప్రయాణంలో ముందు తరగతి నిండిపోయింది. ఇద్దరమూ వెనకే కూర్చున్నాం. బెంగళూరులో కారెక్కినప్పటి నుంచి ఆయన దాని గురించే మాట్లాడుతున్నాడు. పులివెందుల దాటి ముద్దనూరు దారి పట్టాం. "నా మాదిరి మనిషిని ఎనక కూలేస్తారా? మళ్ల ఫోన్ చెయ్యి, గట్టిగా అడుగు..." అంటుండగా ఖాదర్ బ్రేకు వేశాడు. ఎదుట కాలువ దాటే మోరీ మీద ఒక జీపు అడ్డంగా ఆగి ఉంది. నా భర్త సీటు దిగి, కింద కాళ్లు పెట్టుకునే సందులో ముడుచుకున్నాడు.

ఇద్దరు మనుషులు నా వైపు నడిచి వచ్చారు. ఒకడి చేతిలో తువ్వాల చుట్టిన వస్తువు ఉంది. అతడు వంగి నా ముఖాన్ని, నా పూలను చూశాడు.

"ఆడమనిషుండాది. పోనీరా," అన్నాడు.

"ఎప్పుడు జూసినా ఈ యమ్మనే అడ్డం పెడ్తాండాడు గదన్నా," అన్నాడు రెండోవాడు, నేను వినడం లేదన్నట్టు. "ఒక్కసారికి ఏమైతాది?"

మొదటివాడు ఆలోచించాడు. అతడు ఆలోచించడాన్ని నేను చూశాను. తర్వాత జీపు పక్కకు తీశారు.

ఇంటికి చేరాక నా భర్త వాకిట్లో పదిమందిని కూర్చోబెట్టి, "నన్ను జూసి ఎనక్కి తగ్గినారు నా కొడుకులు," అని చెప్పాడు. నేను వాళ్లందరికీ కాఫీ ఇచ్చాను.

మరుసటి నెల నా మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. మంచం మీద ఉన్న నా దగ్గరికి వచ్చి ఆయన శుభవార్త చెప్పినట్టు చెప్పాడు: "నువ్వు లేచేదాకా కోడల్ని పిల్చుకపోతాం. రేపు పొద్దున్నే బండి. కడుపుతో ఉండే మనిషి, ఇంకా మేలు. ఎవుడూ చెయ్యెత్తడు. విశాలాక్షి పేరుతో గూడా కార్డుకు రాయించినా."

"ఒక్కసారికి ఏమైతాది అన్నవాణ్ణి మీరు చూడలేదు," అన్నాను. "మీరు కింద ఉన్నారు."

"వెయ్యలేదు గదా?"

"వేద్దామా అని ఆలోచించారు. ఈసారి అంతసేపు ఆలోచించరు."

మురళీమోహన్ గుమ్మంలో నిలబడి విన్నాడు. "నాయన చెప్తాండాడు గదమ్మా. ఏం గాదులే," అన్నాడు. ఐదు నెలల గర్భిణి భర్త అన్న మాట అది.

తెల్లవారి నేను కర్ర పట్టుకొని వాకిట్లోకి వచ్చేసరికి విశాలాక్షి ముందు సీట్లో ఉంది. జడ నిండా కనకాంబరాలు. ఒడిలో చిత్రాన్నం డబ్బా. అద్దం దించి ఉంది. నేను తలుపు తెరిచాను.

"దిగు తల్లీ."

"మామ చెప్పినాడు గదత్తా... నేను దిగితే ఆయనేమంటాడో," అంటూ ఆ పిల్ల వెనక్కి చూసింది. వెనక సీట్లో ఆమె భర్త చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"మోరీ దగ్గర వాళ్లేమన్నారో నీకెవరైనా చెప్పారా?"

చెప్పలేదు. నేను చెప్పాను. ఒక్క మాట తగ్గించకుండా, ఎవరు ఎక్కడ ముడుచుకున్నారో కూడా చెప్పాను. విశాలాక్షి డబ్బాను సీటు మీద పెట్టి, నా భుజం పట్టుకొని దిగింది.

"ఏందే ఇది? ఫ్లైటుకు టైమైతాంది!" నా భర్త కూడా వెనక సీట్లోంచే కేక వేశాడు.

"ముందు సీటు ఖాళీగా ఉంది," అన్నాను. "వచ్చి కూర్చోండి."

ఎవరూ కదలలేదు. కొడుకూ కదలలేదు. ఖాదర్ ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపి కిందికి దిగాడు. ఆ రోజు బండి బయలుదేరలేదు. ఇకమీద ఈ ఇంటి ఆడవాళ్లు ఎవరూ దానిలో ఎక్కరని అక్కడే, తుపాకీ మనిషి వింటుండగా చెప్పాను.

ఇది చదువుతున్న అయ్యా, మీరు కూడా మీ ఇంటి ఆడమనిషిని ఎక్కడో ఒకచోట ముందు నిలబెట్టి ఉంటారు, ఎక్కడో ఒకచోట వెనక్కి పంపి ఉంటారు. రెండింటికీ మర్యాద అనే పేరే పెట్టి ఉంటారు. ఈ పుస్తకం మూసి, లేచి ఆమె దగ్గరికి వెళ్లండి. అట్లా చేసినందుకు అసలు కారణమేమిటో ఆమె ముఖం చూస్తూ చెప్పండి.