నాలుగో రాయిలో ముల్లు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో చేతికి ఇప్పటికీ అనుమానమే. ఈ నాలుగు కాగితాలకు నెల పట్టింది. ఆలస్యమైనందుకు మాత్రం సిగ్గుపడను. నా పనిలో అరచేతంత రాయికి మూడు నెలలు పడుతుంది.

మ్యూజియం వెనక గదిలో నా పని. రాళ్లలో ఇరుక్కున్న పాతకాలపు గుల్లలను బయటికి తీస్తాను. వాటిని అమ్మోనైట్లు అంటారు. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన ఒక ప్రాణి ఇల్లు అది, పొట్టేలు కొమ్ములా చుట్టుకుని ఉంటుంది. రాయిని ఇసుక సంచి మీద ఆనించి, భూతద్దం కింద సూదితో రవ్వరవ్వగా రాలగొట్టాలి. రాలిన పొడిని బ్రష్‌తో తుడిచి మళ్లీ సూది పట్టాలి. మా ఆయన చనిపోయిన ఏడాది నేను ఆ గదులు ఊడవడానికి చేరాను. నా చేయి వణకదని గమనించి, అక్కడ ఈ గుల్లల మీద పరిశోధన చేసే మేడంగారు సూది ఇచ్చారు. అప్పట్నుంచి అందరికీ సూదమ్మనయ్యాను.

మా ఆడపడుచుకు ఇదంతా వేళాకోళం. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం.

"ఏం వదినా, ఇవాళ ఏ రాయికి తల దువ్వొచ్చావు?" అంటుంది.

"ఏదైతేనేం, నీ తలకన్నా చెప్పిన మాట వింటుంది," అంటాను.

పదకొండేళ్లలో ఒక్క గుల్ల కూడా చెడగొట్టలేదని నాకు గొప్పగా ఉండేది. పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ముందు ఆ మాట చెప్పి, ఆ తర్వాతే సూది చేతికిచ్చేదాన్ని.

మేడంగారు ఆరేళ్లుగా ఒకే రకం అమ్మోనైట్ పట్టుకుని కూర్చున్నారు. సున్నపురాయి గనిలో ఒకే పొరలో దొరికిన రాళ్లు నాలుగు. మూడింటిని నేనే శుభ్రం చేశాను, సూది పట్టిన తొలి రోజుల్లో. నాలుగోదానికి పగుళ్లున్నాయని పక్కన పెట్టేశాం. గుల్ల మీద గట్లలా లేచి ఉండేవాటిని పక్కటెముకలంటారు. మేడంగారు వాటిని లెక్కపెట్టారు, చుట్ల వెడల్పు కొలిచారు, ప్రతి పక్కటెముక మీదా ఒక బొడిపె ఉందని రాసుకున్నారు. ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని కొత్త జాతి ఇదని వ్యాసం రాసి పంపారు. దాన్ని చదివి సరేననాల్సింది ఈ విద్యలో తలపండిన ఒక పెద్దాయన.

ఒక ఉదయం ఆయన జవాబు వచ్చింది. మేడంగారు కూర్చోకుండానే చదివారు.

"ఏమన్నారమ్మా?" అనడిగాను.

"పాత జాతేనట సూదమ్మా. బొడిపెలు దానికీ ఇలాగే ఉంటాయట. నాలుగు పక్కటెముకలు ఎక్కువైనంత మాత్రాన కొత్త పేరు అక్కర్లేదట."

"మీకేమనిపిస్తుంది?"

"నా కళ్లు కాదంటున్నాయి. కళ్లను సాక్ష్యానికి పిలవలేం కదా."

ఆవిడ టీ తాగకుండానే పైకి వెళ్లిపోయారు. బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. సర్దబోయి అందులో బొమ్మ చూశాను. అది వేరే జాతి అమ్మోనైట్. బొడిపె ఉండాల్సిన చోటల్లా ఒక ముల్లు నిటారుగా నిలబడి ఉంది. కింద రాసింది కూడబలుక్కుని చదివాను. ముళ్లు లోపల బోలుగా ఉంటాయనీ, విరిగితే మొదళ్లు మాత్రమే మిగులుతాయనీ ఉంది.

నేను రాయిని పైనుంచి చెక్కుతాను. పైనుంచి వస్తే ముల్లు ముల్లులా కనిపించదు. ముందు దాని కొన తగులుతుంది, నువ్వుగింజంత తెల్లటి సున్నాలా. ఆ సున్నాలను నేను చూశాను.

అప్పట్లో రోజూ చేసిన పని రాయమని మేడంగారు నాకొక నోటుపుస్తకం ఇచ్చారు. అక్షరాలు రావు కనక బొమ్మలు గీసేదాన్ని. రాయి ఎలా ఉంది, దేన్ని తీసేశాను, అంతా. అక్షరాలొచ్చాక బొమ్మలు మానేసి, మహా గొప్పగా 'రాయి శుభ్రం చేశాను' అని రాయడం మొదలుపెట్టాను. చదువొచ్చి చెప్పడం తగ్గింది.

అల్మారా అడుగునుంచి ఆ పాత పుస్తకం తీశాను. మూడు రాళ్ల పేజీల్లోనూ ఉన్నాయి, పక్కటెముకల వరసలోనే, చిన్న చిన్న సున్నాలు. లెక్కపెడితే నలభై ఒకటి. అన్నీ సుద్ద అనుకుని నా చేత్తో నేనే గీకేశాను.

అల్మారా తలుపు మూసేస్తే ఎవరికీ తెలియదు. నా పదకొండేళ్ల గొప్ప చెక్కుచెదరదు. మేడంగారి ఆరేళ్లు మాత్రం గాలికి పోతాయి. పుస్తకం చంకన పెట్టుకుని మెట్లెక్కాను.

"మేడంగారూ, మీరు రాసిన బొడిపెలు బొడిపెలు కావు. ముళ్ల మొదళ్లు. ముళ్లు నేను గీకేశాను."

ఆవిడ ఒక్కొక్క పేజీ తిప్పి చూశారు.

"మూడింటివీనా?"

"మూడింటివీ."

"నాకు కోపం రావాలి," అన్నారు పుస్తకం మూసి. "వస్తుంది కూడా. అది వచ్చేలోపు వెళ్లి నాలుగో రాయి మొదలుపెట్టండి."

ముందు పగుళ్లలో జిగురు పోసి రెండు రోజులు ఆరనిచ్చాను. ఈసారి పైనుంచి కాకుండా పక్కనుంచి వచ్చాను. గోడ సున్నం గీకినట్టు ఒక్కో పొర. రాయికీ గుల్లకీ సూది చప్పుడు వేరు. రాయి కరకర అంటుంది, గుల్ల కిర్రుమంటుంది. ఎవరైనా మాట్లాడితే వినిపించదని గది తలుపేసుకున్నాను. పదిహేడో రోజు మధ్యాహ్నం సూది కిర్రుమంది. చేయి ఆపి, ఊపిరి ఆపి, బ్రష్‌తో తుడిచాను. అగ్గిపుల్లంత సన్నంగా, వేలి కణుపంత పొడుగున ముల్లు, పక్కటెముక మీద నిలబడి ఉంది. దాని పక్కనే ఇంకోటి. ఆరు తీశాను. ఒక్కటీ విరగలేదు.

ముళ్ల సంగతి మేడంగారు రాస్తే, పెద్దాయన ఉత్తరాలతో ఆగక తానే వచ్చారు. మైక్రోస్కోపు మీద వంగినవారు ఎంతకీ లేవలేదు. మేడంగారు చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆయన నా పాత పుస్తకం కూడా అడిగి, సున్నాలను ముళ్లతో, బొడిపెలతో ఒకటికి రెండుసార్లు పోల్చుకున్నారు.

"పాత జాతికి ముళ్లు లేవు. దాన్ని సూది పెట్టకముందు, రాయిలో ఉండగానే చూసినవాణ్ని నేను," అన్నారు చివరికి. "ఇది కొత్తదే. నా ఉత్తరం చించేయండమ్మా."

"దాచుకుంటాను," అన్నారు మేడంగారు.

ఆయన నవ్వి నావైపు తిరిగారు. "ఇంత సన్నటి ముల్లు ఎలా తీశావమ్మా?"

"కాల్లో ముల్లు తీసినట్టేనండీ. కాకపోతే ఇక్కడ ముల్లు వదిలేసి కాలు తీసెయ్యాలి."

వ్యాసం అచ్చయింది. జాతికి పెట్టిన పేరుకు పాత భాషలో 'దాగిన ముళ్లది' అని అర్థమట. నా బొమ్మల పేజీలు కూడా వేశారు. శుభ్రం చేసేటప్పుడు ముళ్లు పోయాయన్న సంగతి రాయనక్కర్లేదని మేడంగారు అన్నారు. రాయమని నేనే పట్టుబట్టాను. రేపు ఇలాంటి రాయి ఎవరి చేతికొచ్చినా, వాళ్లు తెల్లటి సున్నా దగ్గర ఆగాలి కదా.

అచ్చయిన కాగితం ఇంటికి తెచ్చి చూపిస్తే ఆడపడుచు పెదవి విరిచింది. "నీ పేరు పెట్టలేదేం? ముళ్లున్నదానికి నీ పేరైతే అతికినట్టుండేది."

"నిన్ను చూస్తే నీదే పెట్టేవాళ్లు," అన్నాను. ఆ కాగితాన్ని వీధిలో అందరికీ చూపించి వచ్చింది తనే.

కొత్త జాతికి ఒక రాయిని ఆధారంగా నిలబెడతారు. ఇకమీదట ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆ రాయి దగ్గరికే రావాలి. మా నాలుగో రాయి అది. దూది పరిచిన పెట్టెలో పెట్టాక, మేడంగారు చీటీ నా ముందుకు తోసి కలం ఇచ్చారు. గని, పొర, సంఖ్య, జాతి పేరు చూసి చూసి రాశాను. 'శుభ్రం చేసినవారు' అన్నచోట చూడకుండా రాశాను. ఇప్పుడు ఎవరొచ్చి పని నేర్చుకుంటానన్నా, సూది ఇచ్చేముందు ఆ నలభై ఒక్క సున్నాలు చూపిస్తాను. తర్వాత ఆ పెట్టె తెరిచి ఈ ఆరు ముళ్లు చూపిస్తాను.

చీటీ మీద రాసిందే ఇక్కడా రాస్తున్నాను. సూదమ్మ. అరవై నాలుగేళ్లు నిండాయి. మ్యూజియం వెనక సందులో, మేడమీది రెండు గదుల ఇంట్లో ఆడపడుచుతో ఉంటున్నాను.