సూది ఒప్పుకున్న చేయి

చొక్కా గుండీ కాజాకు చివరి కుట్టు వేస్తుండగా సూది ఆమె మధ్యవేలిలో దిగింది. వేలిని నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్ళీ పనిలో పడింది. రేపటికి అక్కడ చీముపొక్కు లేస్తుందని ఆమెకు తెలుసు. పాత బట్టలు సరిచేసే ఆ ఇరుకు దుకాణంలో అది తండ్రి కాలం నుంచీ గౌరవచిహ్నం. పోటు పడిన చోట పొంగితే సూది ఆ చేతిని ఒప్పుకున్నట్టని ఆయన సిద్ధాంతం. పిల్లలు కాస్త ఎదగగానే మోచేతి కింద ఒక్క పోటు పొడిచి, మర్నాడు చూసేవాడు. ఆమె చేయి పొంగింది. అన్న చేయి పొంగలేదు గనుక అతను వడ్రంగి అయ్యాడు. వేలితొడుగు వాడటం సూదికి అవమానమని ఆయన తీర్పు. చివరి రోజుల్లో ఆయన చూపు పోయింది. నల్లగుడ్డ కుట్టీ కుట్టీ పోయిందని అందరూ నమ్మారు గనుక ఆనాటి నుంచి దుకాణంలో నల్లగుడ్డ అడుగుపెట్టలేదు.

ఆమె కూతురు మాత్రం తాత సూదికి చిక్కలేదు. ఆయన పొడవబోయిన రోజు వీధి దద్దరిల్లేలా అరిచి పారిపోయినందుకే ఆ పిల్లకు ‘హారన్’ అని పేరు స్థిరపడింది. ఇప్పుడు బస్సు డ్రైవరు శిక్షణకు ఎంపికైంది. సాయంత్రమే ప్రయాణం. అయితే నోట్లో మాటిమాటికీ పుళ్ళు, పోయిన నెల ఎర్రబడిన ఎడమకన్ను. డాక్టరమ్మ చుక్కలమందు ఇచ్చి, మొన్న పిల్ల చేతిమీద సూదితో గుచ్చి, ఈ వేళ రమ్మంది.

ఆసుపత్రి గదిలో కూతురు చొక్కా చేయి పైకి మడిచింది. గుచ్చిన చోట ఎర్రని పొక్కు.

“పొంగిందే హారన్! మీ తాత ఉంటే గంతులేసేవాడు!”

డాక్టరమ్మ తెల్లబోయింది. తల్లి సంబరంగా సంగతంతా చెప్పింది.

“అది రక్తనాళాలు వాచే జబ్బుకు గుర్తమ్మా. ఆ జబ్బు వచ్చే వీలు కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఉంటుంది. వీలున్నంత మాత్రాన అందరికీ రాదు. మీ నాన్నగారి చూపు కూడా దీనివల్లే పోయి ఉండొచ్చు.”

“నల్లగుడ్డ తినేసిందండీ...”

“గుడ్డ తప్పేం లేదమ్మా.”

తల్లి తన వేలు చూసుకుంది.

“మరి దీని కన్నో?”

“వేళకి వచ్చారు. వాపు తగ్గింది, లోపల దెబ్బ లేదు. మాత్రలు మానకుండా, నెలనెలా చూపించుకుంటూ బస్సు హాయిగా నడుపుకోవచ్చు. మీరూ ఓసారి కళ్ళు చూపించుకోండి.”

ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది. “అయితే మా నాన్న అన్నయ్యను ఉత్తపుణ్యానికి వడ్రంగిని చేశాడన్నమాట!”

“మావయ్య బతికిపోయాడే అమ్మా!” అంది కూతురు. ముగ్గురూ పగలబడి నవ్వారు.

దారిలో కూతురు తల్లికి ఇత్తడి వేలితొడుగు కొంది. ఇంటికి రాగానే యూనిఫాం ప్యాంటు బయటికి తీసింది. నల్లది. తల్లికి చూపించే ధైర్యం లేక ఇన్నాళ్ళూ సంచి అడుగున దాచిపెట్టినది.

“ఇలా ఇవ్వు. నేల ఊడుస్తూ బస్సెక్కుతావా?”

అంచు కత్తిరించి, మడిచి, తొడుగు వదులై రెండుసార్లు జారిపోతుంటే తిట్టుకుంటూనే కుట్టింది. సాయంత్రం బస్సు కదిలింది. కిటికీలోంచి కూతురు తల బయటపెట్టి “పాం! పాం!” అని అరిచింది. బస్సంతా నవ్వింది. మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి తల్లి దుకాణానికి తిరిగొచ్చింది.

కాసేపటికి దీపం ఆర్పి తలుపు వేసుకుంది. కుట్టుమిషను మీద కూతురు కొనిచ్చిన వేలితొడుగు మిగిలింది. వదులు లేకుండా, లోపల మడిచిపెట్టిన నల్లగుడ్డ పీలికతో.